అక్క రక్తం, నా పేరు

నా గుండెలో ఒక కవాటం లోహంది. హైదరాబాదులో వేశారు. దాని మీద రక్తం గడ్డ కట్టకుండా రోజూ పలచబరిచే మాత్ర వేసుకోవాలి, నెలకోసారి ఇక్కడ మా బీదర్‌లో రక్తపరీక్ష చేయించుకోవాలి. మాత్ర తక్కువైతే గడ్డ, ఎక్కువైతే లోపల రక్తం కారడం. ఆరేళ్లుగా ఈ రెండు భయాల నడుమే నా కాపురం. కొత్తలో రిపోర్టుల ఫైలు సంకలో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కేదాన్ని. తర్వాత ఇక్కడి ఆసుపత్రి రిపోర్టులు అక్కడి డాక్టరు కంప్యూటర్లో కనపడేలా కలిపారు. ఆయన ఫోన్లోనే డోసు చెప్పేవాడు. బడిలో తోటి టీచర్లకు ఈ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని.

మొన్న శ్రావణంలో ఔరాద్ అవతలి ఊరి నుంచి మా అక్క వచ్చింది, పన్ను పీకించుకోవడానికి. ఇదివరకోసారి పీకిస్తే రక్తం ఒక పట్టాన ఆగలేదని, ఈసారి నేను నెలనెలా చేయించుకునే రక్తపరీక్షే చేయించుకుని రమ్మన్నాడు పళ్ల డాక్టరు. ఆసుపత్రి కౌంటర్లో ఆధార్ అడిగారు. అక్క దాన్ని ఇంట్లో మరిచి వచ్చింది. మళ్లీ ఔరాద్ బస్సెక్కితే ఆ రోజంతా గోవిందా. మా వాళ్లెవరు వచ్చినా ఎక్కడైనా రాయించేది నా ఫోన్ నంబరే. పైగా నా పేరు అప్పటికే వాళ్ల దగ్గర ఉంది.

“నా పేరు మీదనే రాయిస్తా తీ అక్కా, ఏమైతది,” అన్నాను. ఆ తెలివి నాదే. నా ఫోన్‌కొచ్చిన ఓటీపీ కూడా చెప్పాను. పళ్ల డాక్టరు అంకెలు చూశాడు గానీ పేరు చూడలేదు. పన్ను ఊడింది, అక్క ఊరికి పోయింది.

రెండు రోజులకు హైదరాబాదు డాక్టరు ఫోన్ చేశాడు. రక్తం మరీ చిక్కగా ఉంది, గడ్డ కట్టొచ్చు, మాత్రలు మానేశారా అని అడిగాడు. ఒక్కటీ మానలేదు. కానీ గడ్డ అనే మాట చెవిన పడ్డాక నాకు బుర్ర పనిచేయలేదు. ఏ తేదీ రిపోర్టండీ అని అడగాలని తోచలేదు. మాత్రకు ఇంకో సగం కలపమన్నాడు. ఒక్క పూట తప్పకుండా కలిపి మింగాను.

తొమ్మిదో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే నురగ ఎర్రగా వచ్చింది. తొడ మీద అరచేతంత నల్లటి మచ్చ. ఎక్కడా తగిలించుకోలేదు. ఫోన్లో రిపోర్టులు తెరిచాను. ఒకే వారంలో రెండున్నాయి. మొదటిది నాది. రెండోదాని తేదీ అక్క పన్ను పీకించుకున్న రోజుది. ఏ మాత్రా వేసుకోని అక్క రక్తం చూసి డాక్టరు నాకు డోసు పెంచాడు.

ఆటోలో ఆసుపత్రికి పోతుంటే తల తిప్పడానికి కూడా భయమేసింది, లోపల ఏదైనా చిట్లుతుందేమోనని. అక్కకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“నా పన్ను కోసం నీ పానం మీదికి తెచ్చిన గదనే,” అంది.

తప్పు నాదని చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

రక్తం గడ్డకట్టే గుణం దాదాపు పోయిందన్నారు. మాత్ర ఆపి, విరుగుడు ఇచ్చి, రెండు రోజులు మంచం దిగనివ్వలేదు. ఇంటికి పంపే రోజు ఆ రిపోర్టు తీసేయమని కౌంటర్లో అడిగాను. అక్కడి ఆయన కన్నడలో మర్యాదగానే చెప్పాడు. పేరు నాది, నంబరు నాది, ఓటీపీ చెప్పింది నేనే. కాదని రాసిస్తే పైకి పంపుతామన్నాడు. రాసిచ్చాను. ఇప్పటికీ అది కదల్లేదు.

ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరికి పోయినా నమస్కారం కంటే ముందు, ఆ రిపోర్టు నాది కాదని చెప్తాను. కానీ ఎప్పుడైనా బజార్లో సోయి తప్పి పడిపోతే, ఎవరో ఎత్తుకుపోయి మంచం మీద పడేస్తే, అక్కడి డాక్టరు నా పేరు కొట్టి చూస్తాడు. అందులో అక్క రక్తం ఉంటుంది. ఆయనకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు ఉండదు.