చిలకలను తోలిన రెండో రికార్డు

మా డెత్ మెటల్ బ్యాండు ఆయుష్షు ఆరేళ్లు. చేసిన రికార్డులు రెండు, ఎక్కిన స్టేజీలు నాలుగు. గిటార్లు వాయించే ఇద్దరిదీ కడప. డ్రమ్ములవాడూ నేనూ కోడుమూరు దగ్గర ఒకే ఊరివాళ్లం. గొంతు నాది. కడుపులోంచి గుర్రుమంటూ పాడాలి; మాటలు ఎంత అర్థం కాకపోతే పాటగాడు అంత బాగా పాడినట్టు. ఆ లెక్కన నన్ను మించినవాడు రాయలసీమలో లేడు. పోటీకి ఎవరూ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

మొదటి రికార్డు కర్నూల్లో, చర్చి పాటలూ ఎన్నికల పాటలూ చేసే ఒక స్టూడియోలో చేశాం. నేను ఎత్తుకోగానే అక్కడి పెద్దాయన అంతా ఆపేసి, ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసిచ్చాడు. గొంతు బాగయ్యాక ఇంకో రోజు రమ్మన్నాడు, పాపం. బాగున్న గొంతే ఇది అని నమ్మించడానికి అరపూట పట్టింది. కడపలో ఒక కాలేజీ ఫంక్షన్లో రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. అంతదాకా బిగుసుకుని కూర్చున్న పిల్లలు అప్పుడు చప్పట్లు కొట్టారు.

ఇవన్నీ నవ్వుకుంటూ చెప్పుకునేవే. నవ్వు రానిది ఒక్క మా నాయన విషయంలోనే. మా ఊరి చర్చిలో పాట ఎత్తేది ఆయనే. చిన్నప్పుడు పక్కన నిలబెట్టుకుని నాకు పాడడం నేర్పిందీ ఆయనే. మొదటి రికార్డు ఫోన్లో వినిపిస్తే ఒక్క నిమిషం విని, "దేవుడిచ్చిన గొంతును ఇట్ల చేసుకుంటివే," అని లేచి పోయాడు. తర్వాత నా పాటల ఊసే ఎత్తలేదు. రెండో రికార్డు పెన్ డ్రైవులో వేసి ఇంట్లో పెట్టి వచ్చాను. వింటే బాగుండునని ఆశ, వినడని నమ్మకం.

పోయినేడు మా డ్రమ్ములవాడికి తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం వచ్చింది. బ్యాండు అంతటితో ఆగిపోయింది. ఆ చలికాలం ఊరికి పోయి బస్సు దిగానో లేదో, నా గొంతు నాకే వినపడింది. మా జొన్నచేలోంచి. కూరగాయల బండ్లవాళ్లు పెట్టుకునే చార్జింగ్ మైకును మంచెకు కట్టి, మా నాయన నా రెండో రికార్డుతో చిలకలను తోలుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆరేళ్ల కష్టం చివరికి ఇందుకు పనికొచ్చిందన్నమాట.

ఆపమందామని మంచె దగ్గరికి పోయాను. ఆయనే ముందు అందుకున్నాడు. డబ్బా కొడితే, తన కేకే రికార్డు చేసి పెడితే, చిలకలు నాలుగు రోజుల్లో అలవాటు పడిపోయాయట. నేను ఎప్పుడు అరుస్తానో, ఎప్పుడు ఆపుతానో మాత్రం వాటికి అంతు చిక్కడం లేదట. ఒక్క మూడో పాటలో, నడుమ గిటారు మెల్లగా మోగే చోట, వచ్చి వాలుతున్నాయట. ఆ చోటు వస్తుందనగా తాను ఒడిసెలలో రాయి పెట్టుకుని కాచుకుంటాడట.

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఆ గిటారు వాయించినవాడికి కూడా అది అంత బాగా గుర్తుండదు.

ఇంతలో నాలుగో పాట మొదలైంది. నాయన చెయ్యెత్తి నన్ను ఆగమని, చెవి అటు పెట్టాడు.

"ఇది మన బోరు గురించే గదరా?"

అవును. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు వేయించిన, చుక్క నీరు పడని బోరు. ఆ పాటలో మాటలు అంతవరకూ ఒక్కరికీ అర్థం కాలేదు, నా పక్కన నిలబడి వాయించినవాళ్లకు కూడా. ఏడుపొచ్చింది నాకు. చిలకలేమైనా వాలాయేమో చూస్తున్నట్టు చేను వైపు తిరిగాను.

"మున్నూరు అడుగులని పాడినావు," అన్నాడు నాయన. "ఆ బోరు ఐదునూర్లు పోయింది. మళ్లా రికార్డు చేసేటప్పుడు సరిగా పాడు."