రేకుల మీద ఎండ సీసాలు

నగరి మగ్గాల వీధిలో నూలు కండెలు చుట్టే అక్కమ్మ ఎవరి మాటా వినదని పేరు. పాపం, అది పూర్తిగా నిజం కాదు. వింటుంది. విన్నాక దానికి తన తెలివి కాస్త కలుపుతుంది. చిక్కంతా అక్కడే వస్తుంది.

కూతురు తెల్లారకముందే కంపెనీ బస్సెక్కితే, మూడేళ్ల మనవరాలు గ్రేసీ భారమంతా అక్కమ్మదే. వానలు మొదలైనప్పటి నుంచి వీధి కుళాయి నీళ్లు పడక పిల్లకు ఒకటే విరేచనాలు. రెండుసార్లు సెలైన్ ఎక్కించారు. రోజూ నీళ్లు కాచడానికి గ్యాసు చాలదు.

వీధికి వచ్చే నర్సు రాజశ్రీ ఒక ఉపాయం చెప్పింది. లోపలి నీళ్లు కనబడే ప్లాస్టిక్ సీసాలకు కాగితాలు పీకేసి, తేరిన నీళ్లు నింపి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా రేకుల కప్పు మీద పడుకోబెడితే ఎండే క్రిములను చంపుతుందంది. అక్కమ్మ అలాగే పెట్టింది. వారం తిరక్కుండానే గ్రేసీ మళ్లీ మంచమెక్కింది.

"నీ ఎండ నీళ్లు తాగే బిడ్డ ఇట్లయినాది మేడమ్మా!" అని అక్కమ్మ నర్సు మీద విరుచుకుపడింది.

రాజశ్రీ నిచ్చెనెక్కింది. సీసాలు వరసగానే ఉన్నాయి. వాటి మీద పాత పంచె పరిచి ఉంది, నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఉన్నాయి.

"ఇదేందవ్వా?"

"వడియాలు పోస్తే గుడ్డ కప్పమా ఏంది? కాకులు ముడతాయి, దుమ్ము పడతాది. తాగే నీళ్లు గదా!"

"మూత బిగించినాక కాకి మూతి యాడ పెడతాది? నువ్వు ఎండకి అడ్డం కప్పినావు అవ్వా. నీళ్లు వెచ్చబడితే సాలదు, ఎండ నేరుగా సీసాలోకి దిగాల."

"నా చేతులారా బిడ్డకి తాపిస్తినే" అంటూ అక్కమ్మ నిచ్చెన కిందే కూలబడింది. రాజశ్రీ ఓఆర్ఎస్ పొట్లాలు చేతిలో పెట్టి, పిల్ల తేరుకునేదాకా కాచిన నీళ్లే పొయ్యమంది.

ఆ తర్వాత పంచె దండెం ఎక్కింది. మబ్బు పట్టిన రోజుల్లో ఎండ చాలదని నర్సు చెప్పినట్టే అక్కమ్మ సీసాలను రెండ్రోజులు కప్పు మీదే ఉంచేది. నెల గడిచింది. గ్రేసీ ఆసుపత్రి గడప తొక్కలేదు, బుగ్గలు కూడా తేరాయి.

ఒక మధ్యాహ్నం పిల్ల వీధిలో ఆడి ఆడి పరుగున వచ్చింది. లోటాడు నీళ్లు గటగటా తాగేసి, "ఇంకా పొయ్యవ్వా" అంది. రెండు నెలలుగా ఆ పిల్ల నీళ్లడిగితే చాలు అక్కమ్మ భయం భయంగా కొంచెం కొంచెమే పోసేది. ఈసారి నిండా పోసింది.