రింగంటే వలనుకున్నాను

మొన్న ఆదివారం గుడివాడ నుంచి మా మనవరాలు వచ్చింది. స్నానాల గది తలుపు సగం తీసి, కాసిని మంచినీళ్ళు అందించమని చెయ్యి చాపింది. ఆ అరచేతిలో చంటిపిల్ల గాజంత, మెత్తగా మెరుస్తూ ఏదో చక్రం ఉంది. అదేమిటే అంటే "రింగు" అంది. మా సముద్రం పక్కన రింగంటే ఒకటే, చేపల గుంపుని చుట్టేసి మొత్తం ఊడ్చేసే రింగు వల. దాని కోసం ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకోవడం చూసినదాన్ని. "బట్టల కొట్లో బిల్లులు కొట్టుకునేదానివి, రింగు వలల గొడవ నీకెందుకే తల్లీ?" అన్నాను.

అది గోడకి ఆనుకుని ఒకటే నవ్వు. "వల కాదే అమ్మమ్మా! పిల్లలు పుట్టకుండా లోపల పెట్టుకునేది. జారి పడింది, కడిగి మళ్ళీ పెట్టుకోవాలి."

కడగడం కడిగింది గానీ పెట్టుకోలేదు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుంది. వాళ్ళమ్మకి ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి రోజూ ఫోన్లో ఏడుపట, తీసి పారెయ్యమని. నన్ను కన్నతల్లిని లూపు చంపేసింది, నిన్ను ఇది చంపుతుంది అంటోందట. "నువ్వు చెప్పు, పెట్టుకోనా, పారెయ్యనా?" అని అడిగింది. దానికి ఒక పిల్ల ఉంది, ఈమధ్యే పాలు మాన్పించింది. ఇప్పట్లో ఇంకో కాన్పు దానివల్ల కాదు.

ఇక్కడొక మాట చెప్పాలి. దాని తల్లిని నేను పెంచానే గానీ కనలేదు. కన్నది మా తోటికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన కాపరాల తొలినాళ్ళలో పిల్లలు పుట్టకుండా గర్భసంచిలో వేసే లూపని ఒకటి వచ్చింది. నర్సమ్మ ఊళ్ళోకి వస్తోందంటే మేము ఎండుచేపల పాకలో దూరి, అది గుండెల్లోకి పాకుతుందని ఒకామె, మగాడికి గుచ్చుకుంటుందని ఇంకొకామె చెబుతుంటే నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. నాలుగో కాన్పులో అక్క చావు తప్పి బయటపడింది. ఇంకో కాన్పంటే మనిషి దక్కదని బందరు ఆస్పత్రిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పి, ఆపరేషనుకి ఒంట్లో రక్తం లేదు కనుక లూపు వేసి పంపించింది.

అది గుండెల్లోకీ పాకలేదు, ఎవరికీ గుచ్చుకోలేదు. చేసిందల్లా ఒకటే, నెలసరి ఎక్కువ చేసింది. అయితే ఏమిటట అంటారేమో, మా ఇళ్ళల్లో బయటున్న ఆడది వల దాటకూడదు, పడవ ముట్టుకోకూడదు, చేపల గంప ఎత్తకూడదు. అలా చేస్తే సముద్రం ఇవ్వదని నమ్మకం. వాకిలి నిండా వలలే ఆరేసి ఉండేవి కదా, అక్క నెలలో సగం రోజులు దడి అవతల చాప మీదే ఉండేది, పిల్లలు ఇవతల నుంచి ఏడుస్తుండేవాళ్ళు. వేట పడని రోజున మా అత్తగారు దడి దగ్గరికి వెళ్ళి, "నీ లూపు సముద్రంలో కలవా! నువ్వలా కూచుంటే గంపెవరెత్తుతారే?" అని అరిచేది. ఆవిడ చెడ్డది కాదండీ, గంప లేవకపోతే మా పొయ్యి వెలగదు, అంతే. అక్క ఒకనాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళి లూపు తీయించుకొచ్చింది. కొన్నాళ్ళకి మళ్ళీ గంప నెత్తినెత్తుకుని, "హమ్మయ్య, మనుషుల్లో పడ్డానే చెల్లీ" అని నాతో అంది.

ఏడాది తిరక్కుండా కడుపొచ్చింది. పురిట్లో నెత్తురు ఆగలేదు. ఆ ఆడపిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. పుట్టి తల్లిని మింగిందనడం కన్నా లూపు మింగిందనడం నయమనుకున్నారో ఏమో, ఇంట్లో అందరి నోటా ఆ మాటే స్థిరపడిపోయింది.

ఇదంతా విని మనవరాలు గుప్పిట విప్పి ఆ రింగుకేసి చూసుకుంది. "అయితే లూపు చంపలేదా?" అంది. లేదే, అది తీశాకే పోయింది అన్నాను.

తర్వాత నేను అడగడం మొదలుపెట్టాను, ఆనాడు పాకలో చెప్పేవాళ్ళు లేక మిగిలిపోయినవన్నీ. పైకి పోయే దారే లేదంది. మగవాళ్ళకి ఒక్కోసారి తగిలినట్టు తెలిసినా నొప్పేమీ ఉండదట. మానేస్తే మళ్ళీ కడుపు వస్తుందట. దీనికీ నెత్తురు ఎక్కువవుతుందా అని భయంభయంగా అడిగితే, మూడు వారాలుంచి తీసేస్తే ఆ నాలుగో వారంలో నెలసరి వస్తుందనీ, తనకైతే తగ్గిందనీ చెప్పింది. బీపీ ఉన్నవాళ్ళకీ, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్ళకీ పనికిరాదట, అవన్నీ చూశాకే డాక్టరమ్మ రాసిచ్చిందట. "కాలు వాచినా, ఛాతీలో నొప్పొచ్చినా వెంటనే రమ్మంది. ఇంకేం అడుగుతావో అడుగు, వకీలమ్మా!" అని నా గడ్డం పట్టుకుంది. అప్పుడు లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. వచ్చేటప్పుడు గుప్పిట ఖాళీగా ఉంది.

సాయంత్రం దాని తల్లికి ఫోన్ చేసి, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పని ఆ మాట, లూపు తీయించుకున్నాకే మీ అమ్మ పోయిందని చెప్పాను. "నేను పుట్టకపోతే అమ్మ బతికేది కదమ్మా" అంది. గంప ఎత్తడానికే తీయించుకుంది, అది గంప బరువే అమ్మా, నీ బరువు కాదు అన్నాను. ముక్కు చీదుకుని, "పోనీలే, దాన్ని ఉంచుకోమను" అంది.

దడి తీసేసి గోడ కట్టి చాలా ఏళ్ళయింది. వాకిట్లో వలలు మాత్రం అలాగే ఆరేస్తున్నారు. ఆ ఆదివారం మధ్యాహ్నం, నేను ఫోన్ చెయ్యకముందే, అవనిగడ్డ బస్సు వెళ్ళిపోతోందని మనవరాలు సంచి భుజాన వేసుకుని వల మీద నుంచే చెప్పులతో గబగబా నడిచి వెళ్ళిపోయింది. నువ్వు బయటున్నావా లేదా అని అడిగినవాళ్ళు లేరు. మర్నాడు పొద్దున ఆ వలకి చేప ఎప్పటిలాగే పడింది.