మా అక్కచెల్లెండ్ల క్రీముల డబ్బ

నేను బస్సు కండక్టర్‌ను. మహబూబాబాద్ నుంచి తొర్రూరు మీదుగ జనగామకు పోయే బస్సుల నా డ్యూటీ. పొద్దున ఒక చెంపకు ఎండ తగిలితే మాపటికి ఇంకో చెంపకు తగుల్తది. ఇన్నేండ్ల సంది అట్లనే తిరుగుతున్న గని, నా మొఖం ఎట్లయిందో ఏనాడు సక్కగ చూసుకోలే. లేసి, వంట జేసి, డిపోకు ఉరికేటోళ్లకు అద్దం ముందట నిలవడే తీరికెక్కడిది? బొట్టు వంకర లేకుంటే చాలు.

పోయిన చలికాలంల ఒక సెలవునాడు తలకు పోసుకొని, వాకిట్ల ఎండకు కూసోని, చేతి అద్దంల చూసుకుంట బొట్టు పెట్టుకుంటున్న. రెండు చెంపల మీద, ముక్కు దూలం మీద గోధుమరంగు మరకలు కనవడ్డయి. దుమ్మేమో అనుకొని తువ్వాల తడిపి తుడిచిన. పోలే. సబ్బు పెట్టి రుద్దిన. చెంపలు మండినయి గని మరక మాత్రం అట్లనే ఉన్నది.

మా చెల్లెకు వీడియో కాల్ చేసిన. దానిది భూపాలపల్లి. మరిది బొగ్గుబాయిల పనిజేస్తడు, కాలనీల ఉంటరు. నాకంటె చిన్నదే గని ఇసొంటి సంగతులు నాకంటె దానికే ఎక్కువ ఎరుక.

"ఏందక్కా, పొద్దుగాల పొద్దుగాల?"

"నా మొఖం జూడు. ఏమో అయింది."

ఫోన్ దగ్గరికి పట్టుకొని చూసింది.

"మంగు మచ్చలక్కా గవి. అవ్వకు గూడ గిక్కడ్నే ఉండె, యాదికి లేదా? నిన్నిట్ల జూస్తుంటే అవ్వను జూసినట్టే ఉన్నది."

ఫోన్ పెట్టేసినంక చానాసేపు అద్దం చేతులనే పట్టుకొని కూసున్న.

మా అవ్వ, మమ్ముల కన్నతల్లి, పోయి కొన్నేండ్లాయె. మాది బచ్చన్నపేట దిక్కు పల్లె. చెరువు నిండిన ఏడు ఇంత వరి, నిండని ఏడు పత్తే. అవ్వ పొద్దంత చేన్లనే ఉండేది. పత్తి ఏరుతుంటే నెత్తిమీద కొంగు ఎప్పుడు జారిపోయేదో ఆమెకే తెల్వది. ఆమె చెంపల మీద ఆ మచ్చలు నాకు తెలివి వచ్చినప్పటి సంది ఉన్నయి. అదొక రోగమని, దానికొక పేరుంటదని మేం ఏనాడు అనుకోలే. అవ్వ మొఖమంటెనే గట్లుంటది అనుకున్నం. చిన్నప్పుడు చెల్లె ఆమె ఒళ్లె పండుకొని ఆ మచ్చల అంచుల పొంటి వేలు తిప్పేది. "గిది చెరువు, గిది కట్ట" అని ఆడేది. అవ్వ కండ్లు మూసుకొని నవ్వుతుండె.

అట్లని అవ్వకు అందం మీద పట్టింపు లేదనుకోవద్దు. మా ఇద్దరి మీద మస్తుండె. ఆదివారమొస్తే స్నానం బండ మీద కూసుండవెట్టి, ఉడుకునీళ్లల్ల కుంకుడుకాయలు పిసికి నెత్తి రుద్దేది. నురుగు కండ్లల్ల పడి ఏడిస్తే నోట్లె ఉప్పుగల్లు పెట్టేది. మంట ఎందుకు తగ్గేదో ఇప్పటికీ నాకు తెల్వది గని, తగ్గేది. ఇగ పెసరపిండిల పసుపు, మీగడ కలిపి మొఖానికి, చేతులకు రుద్దేది. మా చెల్లె మూతి చుట్టు రాసిన మీగడ నాలుకతోని నాకేది, అవ్వ మళ్ల రాసేది, అది మళ్ల నాకేది. "నీ మొఖానికి రాస్తున్ననా, నీ కడుపుకు రాస్తున్ననా?" అని వీపుల ఒక్కటి ఇచ్చేది. గిన్నెల అడుగున మిగిలింది ఏమన్న ఉంటే తన మోచేతులకు రుద్దుకునేది. మొఖానికి ఎన్నడు రాసుకోలే.

గిదంతా నేను యాదికి చేసుకుంటుంటే చెల్లె ఊకోలేదు. ఒక వీడియో పంపింది. అండ్ల ఒక పిల్ల, నున్నటి మొఖం, పెద్ద పెద్ద కండ్లు. "అక్కలూ, జర నా మాటినుండ్రి. మంగుకు పరేషాన్ గాకుండ్రి" అని మొదలువెట్టింది. అచ్చం మా లెక్కనే మాట్లాడుతుంది. నేను బిత్తరపోయి చూసిన. మేం చిన్నగున్నప్పుడు సినిమాలల్ల మా మాట వినవడ్డదంటే అది రౌడీ నోట్లెనో, నవ్వించేటోని నోట్లెనో. అందమైన పిల్ల తెర మీదికొచ్చి మా మాటతోని అందం గురించి చెప్తదని అవ్వ కాలంల ఎవలనుకున్నరు? ఆ పిల్ల చెప్పిన క్రీముల సంగతి నాకు సగం అర్థం కాలే గని, ఆ మాట ఇనుకుంటనే ఉండాలనిపించింది. నమ్మకం గూడ అండ్లకెల్లే పుట్టింది.

ఆ పిల్లనే ఏరికూర్చిన సామాన్లని ఒక డబ్బ అమ్ముతుంది. ధర చూసి నేను వద్దన్న.

"ఇద్దరికి కలిపి ఒక్కటి కొందామక్కా" అన్నది చెల్లె. "చిన్నప్పుడు పౌడర్ డబ్బ పంచుకోలేదా మనం?"

ఆ మాటకు ఇగ కాదనలేకపోయిన.

డబ్బ మా ఇంటికే వచ్చింది. నేను చెప్పిన నాడే చెల్లె భూపాలపల్లి నుంచి బస్సెక్కి దిగింది. అన్నం గూడ తినకుంట మంచం మీద కూసోని కత్తెర అడిగింది. గులాబి రంగు డబ్బ, లోపట మెత్తటి కాయితం, దాని నడుమ సీసాలు, గొట్టాలు. మొఖం కడుక్కునేది ఒకటి, దూదితోని అద్దుకునే నీళ్లసొంటిది ఒకటి, చుక్కలు చుక్కలుగ రాసుకునే సీరమ్‌లు రెండు, రాత్రి రాసుకునే క్రీము, ఎండకు పోయేటప్పుడు రాసుకునే క్రీము. ఒక్కొక్కటి మూత తీసి వాసన చూసినం. ఒకదాంట్ల కమలాపండు వాసన, ఒకదాంట్ల దవాఖాన వాసన. ఇద్దరం చిన్నపిల్లల లెక్క నవ్వుకున్నం.

ఇగ పంచుకునుడు మొదలైంది. మొఖం కడుక్కునేదాన్ని, అద్దుకునే నీళ్లను, రాత్రి క్రీమును పాత సీసాలల్ల సగం సగం పోసుకున్నం. ఎండ క్రీము గొట్టం చిన్నగున్నది, పంచితె ఎవలకూ చాలదు.

"గిది నువ్వే ఉంచుకోక్కా. ఎండల తిరిగేదానివి నువ్వు. నేను ఇంట్లనే ఉంట గద" అన్నది. "నాకు ఈ రెండు సీరమ్‌లు ఇయ్యి. నా మొఖం నిగనిగలాడాలె."

సరేనన్న. మాకు ఆ పంపకం న్యాయంగనే అనిపించింది.

ఆ తర్వాత దినాలు బాగుండె. పెండ్లిండ్లయినంక మేం ఇద్దరం పండుగలకు, చావులకు కలుసుకునుడే. ఫోన్ చేసుకున్నా పిల్లల జ్వరాలు, పిల్లల చదువులు, అంతే. ఇప్పుడు రోజు మాపటీలి డ్యూటీ దిగి వచ్చి, స్టవ్ మీద బియ్యం పెట్టి, ఫోన్ గూట్ల ఆనించేదాన్ని. అక్కడ అది, ఇక్కడ నేను, మొఖాలు కడుక్కొని రాసుకునుడు. రాసుకుంట ముచ్చట్లు. బాపు అంగడి నుంచి తెచ్చిన రిబ్బన్లు, పత్తి కుప్ప మీద దుంకితే పడ్డ దెబ్బలు, బడికి పోతుంటే చలికి చెంపలు పగిలి నెత్తురొచ్చుడు, అవ్వ ఆముదం రాస్తె బడి పిల్లలంతా వాసనని ఎక్కిరిచ్చుడు. ఎన్నేండ్లకు యాదికొచ్చినయో. అన్నం మాడిన రోజులు గూడ ఉన్నయి.

నా చెంపలు మెత్తవడ్డయి. మచ్చలు పోలే గని ముదరలే. ఎండ క్రీము రాసుకుంటే మొఖం సున్నమేసినట్టు తెల్లగ కనవడుతుండె, బస్సుల ఎక్కిన ముసలమ్మలు "ఏం బిడ్డా, పిండి గిర్నీ నుంచి వచ్చినవా?" అని నవ్వేటోళ్లు. నేను గూడ నవ్వేదాన్ని.

ఎండలు ముదురుతున్న కాలంల ఒకనాడు మాపటీలి చెల్లె వీడియో ఎత్తలేదు. ఉట్టి ఫోనే చేసింది.

"అక్కా, మొఖం మండుతుంది. ఎర్రగయింది. మిర్చి ఎండవోసిన గద బంగ్ల మీద, ఆ ఘాటేమో."

"మిరపకాయ చేతితోని మొఖం ముట్టుకున్నవా?"

"లేదక్కా. చేతులు కడుక్కున్న."

ఇంత పెరుగు రాయమన్న. తెల్లారి మళ్ల చేసింది. అప్పటికే ఆ వీడియో పిల్లకు మెసేజ్ పెట్టిందట, ఎట్లనో జవాబు వచ్చిందట. "ముందుగాల గట్లనే అయితది అక్కా, లోపటి మురికి బయటికి వస్తది, ఆపకుంట రాయుండ్రి" అని. మా మాటతోనే రాసి ఉన్నది. చెల్లె ఆ మాట నమ్మి ఇంకో రెండు మూడు రోజులు రాసింది. ఆఖరికి వీడియో పెడితే చూసిన. చెంపల మీద తోలు పొరలు పొరలుగ లేసింది. కండ్ల కింద ఉబ్బింది. సెలవు పెట్టి భూపాలపల్లి పోయిన.

తలుపు తీసిన చెల్లె చున్నీ అడ్డం పెట్టుకున్నది. "పిల్లలు నన్ను చూసి భయపడుతున్నరక్కా" అని ఏడ్సింది. ఇంత వయసు వచ్చినంక అట్ల ఏడువంగ చూడలేదు నేను. దగ్గరికి తీసుకుందామంటే మొఖం నా భుజానికి తగిలి అబ్బా అన్నది.

దవాఖానల చర్మం డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది. ఏమేం రాసినవని అడిగితే చెల్లె సంచిల నుంచి సీసాలు తీసింది. డాక్టరమ్మ వాటి మీది చిన్న అక్షరాలు చదివింది.

"ఈ రెండు సీరమ్‌లలో కూడా చర్మం పై పొరను ఊడదీసే యాసిడ్ ఉందమ్మా. ఒక్కటి వాడితేనే జాగ్రత్తగా ఉండాలి. రెండూ కలిపి రాశావు. రాసి ఎండలోకి వెళ్లావా?"

"మిర్చి ఎండవోసిన మేడం. తిప్పెయ్యాలె గద."

"మరి ఎండకు రాసుకునే క్రీము?"

చెల్లె నా దిక్కు చూసింది. "అది మా అక్కకు ఇచ్చిన మేడం. ఆమె ఎండల తిరుగుతది."

డాక్టరమ్మ కోపానికి రాలే. కుర్చీ వెనుకకు జరుపుకొని మా ఇద్దర్ని చూసి, "మీరు వీటిని పంచుకున్నారా?" అన్నది. అవునన్నం. అప్పుడామె నా మొఖం గూడ లైటు కింద పెట్టి చూసింది. మంగు ఎండతోని ముదురుతదని, ఇంట్ల పెద్దోళ్లకు ఉంటే పిల్లలకూ రావచ్చని, పూర్తిగ పోతదని ఎవరు చెప్పినా నమ్మొద్దని చెప్పింది. ఎండ క్రీము, ఒక మామూలు తేమ క్రీము, బయటికి పోతే మొఖానికి గుడ్డ, మాకు గివే చాలట. ఆ క్రీములు రెండూ ఏ మందుల దుకాణంలనైనా విడిగ దొరుకుతయట. "ఒకే డబ్బా అందరి చర్మానికి ఎట్లా సరిపోతుందమ్మా?" అన్నది. చెల్లెకు మందు రాసి, మానేదాక సబ్బు గూడ ముట్టొద్దన్నది.

బయటికొచ్చి దవాఖాన మెట్ల మీద కూసున్నం. కొన్నది దండుగేనా అని అడిగింది చెల్లె. ఆ డబ్బల మాకు పనికొచ్చినయి ఎండ క్రీము, రాత్రి క్రీము రెండే, మిగిలినవి మంట పెట్టినయి. ఎవలన్న నన్నడిగితే కొనొద్దనే చెప్త, ఇప్పటికీ చెప్తున్న. మా తోటి కండక్టర్ అడిగితే గూడ గదే చెప్పిన, డాక్టర్‌కు చూపిచ్చుకొని, కావల్సింది ఒక్కటి కొనుక్కో అని. గని ఆ మెట్ల మీద మాత్రం "దండుగే" అనే మాట నా నోట్లెకెల్లి రాలే. ఆ మాపటిపూటల ముచ్చట్లు లేకుంటే అవ్వ ఆముదం సంగతి నాకు మళ్ల యాదికొస్తుండెనా?

"మొఖం మానని ముందుగాల" అన్న.

మానింది. నెలలు పట్టింది గని మచ్చ పడకుంట మానింది. రోజు ఫోన్ చేసుకునుడు బందు పెట్టలేదు మేం. మాపటికి రాసుకునేందుకు ఇద్దరికి తేమ క్రీము ఒక్కటే మిగిలింది కాబట్టి అది నిమిషంల అయిపోయేది, ముచ్చట మాత్రం ఆగేది కాదు. నా మంగు జర పలచవడ్డది. అద్దం చూసుకుంటే ఇంకా అవ్వ కనవడుతది. అంత మొత్తం పోవాలని గూడ నాకు లేదిప్పుడు.

వానకాలంల మా చిన్నమ్మ బిడ్డ పెండ్లికని చెల్లె బచ్చన్నపేట దిక్కు పోయింది. నాకు సెలవు దొరకలే. పెండ్లి తెల్లారి జనగామల బస్సు నిండ మంది ఎక్కిండ్రు. ఆడోళ్లకు పైసల్లేని సున్నా టికెట్ కొట్టాలె, ఆధార్ కార్డు చూడాలె. ఒకరి వెనుక ఒకరికి కొట్టుకుంట వస్తున్న. నడిమి సీట్ల ఒకామె, మొఖమంతా స్కార్ఫ్ చుట్టుకొని కండ్లు మాత్రం కనవడేటట్టు కూసున్నది. కిటికీ దిక్కు తిరిగే కార్డు చాపింది.

"స్కార్ఫ్ తియ్యమ్మా, ఫొటోతోని చూసుకోవాలె" అన్న.

ఆమె తియ్యలే. కార్డు చూసిన. పాత ఫొటో. పెండ్లయిన కొత్తల తీసింది. రెండు జడలు వేసుకునే పిల్లను అప్పుడే కొప్పు పెట్టి కూసోవెట్టినట్టు, నున్నటి చెంపలతోని, మా చెల్లె.

"ఎక్కడికమ్మా?" అన్న, నవ్వు ఆపుకుంట.

"మహబూబాబాద్. మా అక్కింటికి" అన్నది స్కార్ఫ్ లోపట్నుంచి.

టికెట్ కొట్టి చేతికిచ్చిన. పక్క సీటు ఖాళీ అయితే బ్యాగు పెట్టి నాకు ఆపమని చెప్పి, వెనుక సీట్లోళ్ల టికెట్లకు పోయిన.