మా అత్త తాగిన వైను

మా ఇంటాయన దుబాయిల ఒక తెల్ల డాక్టరు బంగ్లల తోటపని చేసేటోడు. ఉత్తరం రాసుడు ఆయనకు చేతగాదు. టేపుల మాట్లాడి, ఇంటికి అచ్చేటోళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేటోడు. కోరుట్ల దిక్కు పల్లెలల్ల గప్పుడు అందరిది గదే తీరు. టేపురికార్డు సుట్టు కూసోని ఇనుడు, ఇనుకుంట ఏడ్సుడు. ఒకసారి అచ్చిన క్యాసెట్ల వాళ్లవ్వ, అంటే మా అత్త, పానం సంగతి తీసిండు. బంగ్లల ముసలమ్మకు, డాక్టరు తల్లికి, సుత గుండెజబ్బేనట. పొద్దుగూకినంక చిన్న గిలాసల రెడ్ వైన్ తాగుతదట. గుండెకు మంచిదని డాక్టరే పోసిస్తడట. తాగి ఆమె పడుసుపిల్ల లెక్క తిరుగుతదట. జగిత్యాల్ల దొరుకుతది, అవ్వకు తెచ్చి పొయ్యిమని నాకు హుకుం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సీసా అంటేనే నాకు పడది. నేను పుట్టింది సిరిసిల్లల, సాలోళ్ల ఇంట్ల. మా నాయిన గుంటమగ్గం మీద కూసున్నంతసేపు దేవుడసుంటోడు, గుంటలకెళ్లి లేచిండంటే సారాకొట్టుకే నడక. నడిఈడుల నెత్తురు కక్కి సచ్చిండు. గందుకే అడివిలకెళ్లి అచ్చే అన్నలు, తుపాకులు పట్టుకున్నోళ్లు, మా అత్తగారి ఊర్ల సారా బందువెట్టిన నాడు కుండ మీద పడ్డ మొదటి రాయి నాదే. అసుంటి నాతోని సీసా తెప్పియ్యాలని సూస్తున్నడు, దుబాయిల కూసోని. ఆయనకేం పోయింది, నోటిమాటనే గదా.

గని మా అత్త ఆ క్యాసెట్ మల్ల మల్ల పెట్టిచ్చుకున్నది. ఆమె పానం గప్పటికే అడుగంటింది. బాయి దాక పోయి బిందె నింపక ముందుకే గట్టు మీద కూలవడేది. పెదవులు నల్లవడేయి. చాట ఒళ్లె పెట్టుకోని బీడీలు చుట్టుకుంట చుట్టుకుంటనే ఛాతి పట్టుకునేది. జగిత్యాల డాక్టరు గోలీలు రాసిండు, వేసుకుంటున్నది, అయినా అంతంతే. ఇగ కొడుకు చెప్పిన మందు కోడలు తెస్తలేదని వాకిట్ల కూసోని అందరికి చెప్పుడు వెట్టింది. "నేను సస్తె దీని పీడ పోతది" అని నాకు ఇనవడేటట్టే అనేది. ఈ మాట నేనెట్ల మోస్త? రేపు నిజంగనే పోతె ఊరు నన్ను ముక్కలు ముక్కలు నములుతది.

మల్ల చూపిచ్చుకునే వంతు అచ్చినప్పుడు జగిత్యాల తీస్కపోయి డాక్టర్నే అడిగిన. పడుసోడు, నవ్విండు. ఆ దేశాలల్ల తాగుతరమ్మా, మంచిదనేటోళ్లు ఉన్నరు, కాదనేటోళ్లు ఉన్నరు, నేనైతె చీటి మీద రాసియ్య అన్నడు. తాగితె ఉగ్గుగిన్నెడే తాగాలె, గోలీలు మాత్రం ఆపద్దు అన్నడు. మా అత్తకు అండ్ల నుంచి ఒక్క ముక్కనే చెవులకెక్కింది, మంచిదనేటోళ్లు ఉన్నరని. దవాఖాన మెట్లు దిగంగనే బ్రాందీ షాపు ఏ దిక్కున్నదని నన్ను అడిగింది.

ఆమెను బస్టాండుల కూసోవెట్టి నేనే పోయిన. షాపు ముంగట మొగోళ్లు నిలవడి తాగుతున్నరు. నన్ను సూసి ఒకడు గిలాస దాసుకున్నడు, ఒకడు పండ్లికిలిచ్చిండు. కొంగు నెత్తి మీదికి గుంజుకోని రెడ్ వైన్ కావాలన్న. షాపాయన నన్ను కిందికి మీదికి సూసిండు. ఇక్కడ దాన్ని ఎవ్వలు అడుగరమ్మా అని, ఎన్కకు పోయి, దుమ్ము పట్టిన సీసా ఒకటి తెచ్చి తువ్వాలతోని తుడిసిండు. గుండెజబ్బుకు దవా అని నేను చెప్పిన, ఆయన అడుగకున్నా. తాగేటోళ్లందరు గట్లనే అంటరని ఆయన మొకం మీదనే ఉండె.

బీడీలకు తునికాకు కొనుక్కపోతుంటిమి, తడిగోనె సంచిల. ఆకు నడిమిట్ల సీసా పెట్టి కట్ట కట్టిన. తొవ్వల పోలీసులు బస్సు ఆపిండ్రు. దినాం ఆపుడే గప్పుడు, మొగపోరగాండ్లను దించి అంగీలు ఇప్పి సూసుడు. ఒకడు నా సంచిని కట్టెతోని పొడిసి, ఆకే అన్నట్టు జరిగిపోయిండు. నా గుండె గప్పుడు కొట్టుకున్న కొట్టుడుకు నాకే కావాలె వైను.

ఇంటికచ్చినంక తలుపు దగ్గరేసి, పిల్లలకు ఉగ్గు పోసే ఇత్తడి గిన్నె తీసిన. మా అత్త కొత్త చీర కట్టుకున్నట్టు మంచిగ కూసున్నది. ఒక గుక్క తాగి మొకం వంకర పెట్టింది. "ఇదేంది పిల్లా, పులిసిన నేరేడుపండ్ల రసం లెక్క" అన్నది. చక్కెర కలిపిచ్చుకున్నది. ఇగ గప్పటి నుంచి రోజు గదే తంతు. పొద్దంత బీడీలు చుట్టి, కట్టలు కట్టి, కాళ్లు కడుక్కోని, గిన్నె ముంగట వెట్టుకునేది. తాగక ముందు నాలుగు సుక్కలు వాకిలి కడప పక్కకు ఒంపేది, ఎల్లమ్మకు సాక. కల్లైనా సారైనా తల్లికి పొయ్యంది మా దిక్కు ఎవ్వలు నోట్లె పెట్టరు. మరకలయితయి, ఊకో అత్తా అని నేనంటే, తల్లికి పొయ్యకుంట నా గొంతుల దిగదు పొమ్మనేది. నేను పొద్దుగాల లేవంగనే పెండ పెట్టి అలికేదాన్ని.

ఆమెకు మస్తు రుచి వడ్డది, అబద్ధమెందుకు. ఆ గిన్నెడు తాగేదానికి గంట పట్టేది. నాలుక మీద పెట్టుకోని, కండ్లు మూసుకోని, సప్పరిచ్చుకుంట. మా మామ బతికున్ననాడు తాగచ్చి ఆమెను ఎట్ల బాదేటోడో గప్పుడే నాకు చెప్పింది. వీపు మీద మచ్చ సూపిచ్చింది. గన్నేండ్ల కాపురంల ఆ మచ్చ నేను సూడనేలేదు. ఇంకోనాడు గిన్నె కింద వెట్టి నా దిక్కు సూసింది. "గన్నేండ్లు మీ మామ తాగిండు, నేను దెబ్బలు తిన్న. ఇగ నేను తాగుతున్న, నిన్ను కొట్టాల్నా?" అన్నది. నవ్వి నవ్వి నాకు కడుపుల నొచ్చింది. అత్తకోడండ్లం గట్ల కూసోని నవ్వుకున్నది అంతకుముందు లేదు. నాకామె మీద పానమైంది. పొద్దుగూకుతుందంటే నేనే గిన్నె కడిగి పెడుదును.

బాయి దాక నడుసుడైతె నడిసింది. గోలీలతోనా, వైనుతోనా, మనసు నిమ్మలమైనందుకా, నాకు ఇప్పటికి ఎరుకలేదు. సీసా ఒడిసినంక ఇంకోటి తెచ్చిన, గదే సంచిల, గదే తీరుగ.

ఆ రెండో సీసా సగం కూడ కాలే. ఒకనాడు పొద్దుగాల నేనింక అలుకకముందే పక్కింటామె ఆకు కత్తెర కోసం అచ్చింది. కడప పక్కన చీమలు బారు కట్టినయి, చక్కెర కలిపిన సాక గదా. ఆమె వంగి, ఎర్రమరకను ఏలుతోని రాసి వాసన సూసింది. ఆమె మొగడు సారా బందు అయినంక దొంగతనంగ తాగి దొరికిండు. అన్నలు వానికి గుండు కొట్టిచ్చి, చెప్పులదండ ఏసి ఊరంత తిప్పిండ్రు. వాడు నలుగురిల మొకం ఎత్తలేక నెల దాక ఇంట్లనే పడుకున్నడు. కత్తెర తీసుకోలే. నా మొకం దిక్కు ఒక్క సూపు సూసి పోయింది. ఆమెను నేను తిట్ట. నా మొగన్ని గట్ల తిప్పితె నేనైనా ఊకుందునా?

వారం తిరుగకముందే, దీపాలు పెట్టే యాళ్లకు అన్నల దళం ఊర్లకచ్చింది. బడి ముంగట అందరిని జమచేసిండ్రు. మా అత్తను, నన్ను పిలిసిండ్రు, సీసా పట్టుకోని రమ్మన్నరు. పెద్ద అన్న మా మరిది ఈడోడు, మెల్లగ మాట్లాడేటోడు. తిట్టలే, కొట్టలే. సారా కుండ పలగ్గొట్టిన దానివి నువ్వే గదా అక్కా, మరి ఇదేంది అన్నడు. నేను గుండెజబ్బు సంగతి చెప్పిన, డాక్టరు సంగతి చెప్పిన. డాక్టరు చీటి సూపియ్యమన్నడు. చీటి ఎక్కడిది? ఆయన రాసియ్యనన్నడు గదా. పక్కింటామె మొగడు ముంగటి వరుసల్నే కూసున్నడు, నెత్తి మీద ఎంటికలు ఇంక సక్కగ మొల్వలే. అందరి కండ్లు ఒకసారి వాని మీద, ఒకసారి మా మీద.

నేను నోరు తెరిసేటాలకు మా అత్త నన్ను పక్కకు నూకి ముంగట నిలవడ్డది.

"తాగింది నేను కొడుకా. దీన్ని ఏమనకుండ్రి. గుండెకు మంచిదంటే తాగిన. తాగితె మంచిగ అనిపిచ్చింది, మల్ల తాగిన. నాకేం గుండు కొడుతరో కొట్టుండ్రి."

పెద్ద అన్న తల అడ్డంగ ఊపిండు. అవ్వకొక తీరు, ఊరికొక తీరు పెడితె రేపు మా మాట ఎవ్వలు ఇంటరు అన్నడు. ఆమె పెద్దమనిషి, గుండు వద్దు, ఆమె చేతులతోనే సీసా పలగ్గొట్టాలె, ఇగ తాగనని చెప్పాలె అని తీర్పు చెప్పిండు. మా అత్త సీసా మూత తీసింది. అందరు సూస్తుండంగ నాలుగు సుక్కలు భూమి మీద ఒంపింది. అటెన్క రాయికేసి కొట్టింది. తాగనని మాత్రం చెప్పలే. ఆయన సుత మల్ల అడుగలే.

ఆ రాత్రి దళానికి ఊరోళ్లే తిండి పెట్టాల్సచ్చింది. ఇంటికింత బువ్వ అన్నరు, మా ఇంట్లకెళ్లి సుత గంపల పోయింది. లేదంటె ఎట్ల? తెల్లారేసరికి పోలీసులకు కబురందింది. జీపులు అచ్చినయి. పేర్లు ఎవ్వలు ఇచ్చిండ్రో తెల్వది. మమ్ములిద్దర్ని, ఇంకొందరిని ఎక్కిచ్చుకోని ఠాణకు తీసుకపోయిండ్రు. మా అత్త గోలీలు గూట్లెనే ఉండె. తెచ్చుకుంటనని కాల్మొక్కినా ఇనలే. పొద్దంత ఎండల నేల మీద కూసోవెట్టిండ్రు. మీ సీసా పలగ్గొట్టిచ్చినోళ్లకు మీరే బువ్వ పెడుతరా అని ఒకడు పడి పడి నవ్విండు. వాని నోట్లెకెళ్లి బ్రాందీ కంపు. మేం అడకత్తెరల పోకచెక్కలం. ఆ కత్తెర రెండు దిక్కులా మమ్ములనే కొరికింది.

పొద్దుగూకినంక ఇడిసిండ్రు. బస్సు లేదు. నడుసుకుంట అచ్చినం. తొవ్వల మోరి గట్టు మీద మా అత్త కూసున్నది, లేవలేకపోయింది. నేను ఆమె ఛాతి రాసుకుంట కూసున్న. పెదవులు నల్లగయినయి. శానసేపటికి నా చెయ్యి పట్టుకున్నది.

"ఇంట్ల జర ఉన్నదా పిల్లా?" అన్నది.

పలగ్గొట్టింది ఆమెనే. గా యాది తప్పిందో, నేను ఇంకింత దాసి పెట్టిన అనుకున్నదో. ఉన్నది అత్తా, నడువు అన్న. నడిసింది. ఇంటికచ్చినంక చక్కెరనీళ్లల్ల ఇంత చింతపులుసు కలిపి గిన్నెల పోసిచ్చిన. సాక పోసింది, ఒక్క గుక్క తాగింది, గిన్నె నా చేతుల పెట్టి గోడ దిక్కు తిరిగి పండుకున్నది. నన్ను తిట్టినా బాగుండు.

అటెన్క ఎక్కువొద్దులు బతుకలే. పట్టపగలు, ఒళ్లె చాట, చేతుల సగం చుట్టిన బీడీ. మా ఇంటాయనకు దుబాయికెళ్లి రానీకి సుట్టి దొరుకలే. మా మరిదే సితికి తలగోరు పెట్టిండు.

మూడొద్దులనాడు పిట్టకు పెట్టుడు. పోయినోళ్లకు ఇష్టమైనయన్ని ఇస్తరాకుల పెట్టి, వాగొడ్డున జరిగి కూసుంటం. కాకి అచ్చి ముడితేనే వాళ్ల మనసు నిమ్మలమైనట్టు. ముట్టకుంటె ఏదో కోరిక మిగిలినట్టు. బువ్వ పెట్టినం, యాటకూర పెట్టినం, తమలపాకులు, బీడీకట్ట, ముంతల కల్లు పెట్టినం. కాకులు చెట్టు మీదనే ఉన్నయి. ఒక్కటి దిగలే. ఎండ నెత్తి మీదికచ్చింది. పెద్దోళ్లు ఒక్కొక్కలు లేచి మొక్కుడు వెట్టిండ్రు. నీ కొడుకు అస్తడు తల్లీ అని ఒకలు. నీ మనుమలను సల్లగ సూసుకుంటం అని ఒకలు. చిన్న కోడల్ని, నా మీద కోపమున్నదా అని మా తోడికోడలు ఏడ్సింది. పక్కింటామె సుత అచ్చింది. ఎవ్వలు పిలువకున్నా అచ్చి, దూరంగ నిలవడి కొంగు నోట్లె కుక్కుకున్నది.

ఇగ నా తోని కాలే. లేచిన.

"ఆమెకు కావాల్సింది వైను. ఉగ్గుగిన్నెడు. ఎవ్వలన్న సైకిలేసుకోని జగిత్యాల పోయి తేండ్రి, నేనైనా పోత, ఎవ్వలన్న ఎక్కిచ్చుకోని పోండ్రి" అన్న.

మా అత్త తోడవుట్టిన ముసలాయన, నీ నోరు వడిపోను ముయ్యి, మల్ల అన్నలను ఊరి మీదికి తెస్తవా అని పండ్లు కొరికిండు. మొగోళ్లు కొందరు నేల దిక్కు సూసిండ్రు. కొందరు వాగు దిక్కు సూసిండ్రు. సైకిళ్లు అక్కడ్నే తుమ్మచెట్టుకు ఆనిచ్చి ఉన్నయి. ఆడ దళం లేదు. పోలీసులు లేరు. ఉన్నదంత మేమే, ఆమె చేతి బువ్వ తిన్నోళ్లమే.

ఒక్కలు సుత లేవలే. ఇగ లాభం లేదని మా మరిది ఇస్తరాకు ఎత్తి వాగుల ఇడిసిండు.