జేబులో నాలుగు అక్రోట్లు

పద్మనాభం గొప్పవాడేమీ కాదు. తెనాలి పక్క పల్లె నుంచి డెబ్భై రెండులో ఢిల్లీ వచ్చి ఓ మంత్రిత్వశాఖలో గుమాస్తాగా చేరాడు. ఇరవయ్యేళ్లకు పైగా ఫైళ్లకు ట్యాగులు కట్టి సెక్షన్ ఆఫీసరయ్యాడు. మయూర్ విహార్‌లో ప్రభుత్వ సంస్థ డీడీఏ కట్టిన రెండు గదుల ఫ్లాటు. పిల్లలు లేరు. భార్య జానకీదేవికి పూజలూ ఉపవాసాలే లోకం. ఆ ఇంట్లో రేడియో పెడితే తప్ప మనిషి గొంతు వినపడేది కాదు.

ఆయనకు ఉన్నది ఒకే ఒక్క సరదా. శనివారం ఆఫీసు ఉండదు కాబట్టి పొద్దున్నే బస్సెక్కి కరోల్ బాగ్ వెళ్లి ఛోలే భటూరే, అంటే శనగల కూరా మైదా పూరీలూ, తినడం. అదీ ఒంటరిగా కాదు, కింది అంతస్తులో ఉండే శివరామకృష్ణతో కలిసి. శివరామకృష్ణ అదే ఆఫీసులో పక్క సెక్షన్లో అసిస్టెంటు, ఆయనకంటే ఎనిమిదేళ్లు చిన్న. అతని భార్య కృష్ణకుమారి తమ వైపు మనిషే దొరికాడని మురిసిపోయి పద్మనాభాన్ని 'అన్నయ్యగారూ' అని పిలిచింది. దాంతో మగవాళ్లిద్దరూ బావలైపోయారు.

ఆ భటూరాల సంగతి తిన్నవాళ్లకే తెలుసు. కడాయిలోంచి పూర్ణకుంభాల్లా ఉబ్బి తేలేవి. ఒకటి తింటే కడుపు నిండుతుంది, రెండు తింటే మధ్యాహ్నం భోజనం అక్కర్లేదు. వీళ్లు మూడేసి తినేవారు. ఆపైన లస్సీ, దాని మీద చేతివేలి మందాన మీగడ. నాలుక మీద నూనె ఉండగానే బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఆఫీసులో ఎవరి ప్రమోషను ఎవరు మింగేశారో చెప్పుకుంటూ ఇల్లు చేరేవారు. పద్మనాభం వారమంతా మాట్లాడే మాటల్లో సగం ఆ బస్సులోనే మాట్లాడేవాడు.

తొంభై ఆరు ఎండాకాలంలో శివరామకృష్ణకు మెట్లెక్కుతుంటే గుండెలో నొప్పి వచ్చింది. డిస్పెన్సరీ డాక్టరు రక్తపరీక్ష చేయించి, కొవ్వు మెండుగా ఉందనీ, నూనె సరుకు మానకపోతే తన పూచీ లేదనీ చెప్పేశాడు. కృష్ణకుమారి బెదిరిపోయింది. ఇంట్లో నెయ్యి గిన్నె మాయమైంది. శనివారాల ప్రయాణం ఆగిపోయింది.

పద్మనాభం మొదటి శనివారం ఒక్కడే వెళ్లాడు. ప్లేటు ముందు పెట్టుకున్నాక ముద్ద దిగలేదు. పక్క బెంచీలో ఎవరో పంజాబీ పెద్దాయన 'క్యా హువా జీ, ఠీక్ నహీ హై?' అని, ఏమైంది, బాగాలేదా అన్నట్టు అడిగాడు కూడా. రెండో శనివారం ఇంట్లోనే ఉండి రోజంతా జానకీదేవి మీద చిరాకుపడ్డాడు. మూడో వారం, నాలుగో వారం అంతే. మెట్ల మీద శివరామకృష్ణ ఎదురైతే ఇద్దరూ దొంగల్లా నవ్వుకుని తప్పుకునేవారు.

అక్టోబరులో ఇంగ్లీషు పేపరు ఆదివారం పేజీలో ఓ మూల ఒక ముక్క కనిపించింది. అమెరికాలో డాక్టర్లు కొందరు మగవాళ్లకు రోజూ అక్రోట్లు పెట్టి, కొన్నివారాల తర్వాత రక్తం పరీక్ష చేస్తే కొవ్వు తగ్గిందట. పద్మనాభం కళ్లు మెరిశాయి. కత్తెర తెచ్చాడు. కింద ఆఖరి నాలుగు వాక్యాలు కూడా చదివాడు. ఆ మనుషులు మాంసం, వెన్న, నూనె కొంత తగ్గించి వాటి స్థానంలో అక్రోట్లు తిన్నారనీ, ఉన్న తిండి మీద అదనంగా తింటే లాభం లేదనీ వాటిలో ఉంది. ఆయన కత్తెర ఆ వాక్యాలకు పైనే ఆగింది. పర్సులో పట్టదు కదా, అనుకున్నాడు. పర్సులో పట్టేదే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఆ సాయంత్రమే కింది ఇంటికి వెళ్లి ముక్క చూపించాడు.

"చూశావా బావా! మన డాక్టర్లకి మానెయ్యమనడమే వచ్చు. వాళ్లు చూడు, దానికి విరుగుడు కనిపెట్టారు. మూడు భటూరాలకి నాలుగు అక్రోట్లు. చెల్లుకి చెల్లు."

"నిజమేనంటావా బావా?" అన్నాడు శివరామకృష్ణ. అతను అడిగింది నమ్మకం లేక కాదు, నమ్మాలని ఉండి.

"పేపర్లో అచ్చయింది కదయ్యా!"

కృష్ణకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి వింది. "అన్నయ్యగారు చెప్పారంటే ఇక భయం లేదు" అంది. ఆ మాట అప్పుడాయనకు చాలా బాగుంది.

ఆ దీపావళికి ఆఫీసులో డ్రైఫ్రూట్ డబ్బాలు ఎప్పటిలాగే చేతులు మారాయి. ఢిల్లీలో ఆ డబ్బాలను ఎవరూ విప్పరు. వచ్చినదాన్ని వచ్చినట్టే ఇంకొకరికి ఇస్తారు. కానీ ఆ ఏడు పద్మనాభం తనకొచ్చిన డబ్బాలన్నీ విప్పి, బాదం, కిస్‌మిస్ జానకీదేవికి వదిలేసి, అక్రోట్లు మాత్రం ఏరుకున్నాడు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు ఇనుప బీరువా తలుపు సందులో ఒక్కొక్కటీ పెట్టి చిట్లగొట్టేవాడు. ఆ టపటప విని సెక్షనంతా నవ్వేది. పప్పు విరక్కుండా తీసి రెండు పొట్లాలు కట్టేవాడు. ఒకటి తనకు, ఒకటి బావకు.

శనివారాలు తిరిగొచ్చాయి. ఏడాదిపైన హాయిగా గడిచింది. శివరామకృష్ణకు అక్రోట్ల చేదు అసలు పడేది కాదు, అయినా మందులా నమిలి మింగేవాడు. ఆ నాలుగూ మింగాక అతని మొహంలో ఎంత నిశ్చింతో! మధ్యమధ్య ఆయాసపడేవాడు. ఢిల్లీ పొగమంచు, అని పద్మనాభం కొట్టిపారేసేవాడు. మనసులో ఏదో పీకేది గానీ శనివారం వచ్చేసరికి సర్దుకునేది.

తొంభై ఎనిమిది జనవరిలో ఓ శనివారం ఇద్దరూ తిని బస్సెక్కారు. చలి కొరికేస్తోంది. ఐటీఓ చౌరస్తా దాటకముందే శివరామకృష్ణకు చెమటలు పట్టాయి. మఫ్లరు విప్పేశాడు.

"బావా, గుండె బరువుగా ఉంది. ఇంకో రెండు అక్రోట్లున్నాయా?"

పద్మనాభం జేబు తడిమి తన వాటాలో మిగిలిన రెండూ తీసి ఇచ్చాడు. ఆ క్షణంలో బస్సు ఆపమని అరవాలి. పెద్దాసుపత్రి నడిచిపోయేంత దూరంలో ఉంది. ఆయన అరవలేదు. తను చెప్పిన విరుగుడు పనిచేస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. శివరామకృష్ణ రెండూ నోట్లో వేసుకుని నమిలాడు, కళ్లు మూసుకున్నాడు. బస్సు యమున వంతెన మధ్యకు వచ్చేసరికి తల పద్మనాభం భుజం మీద వాలింది. కండక్టరు గొంతు చించుకుని బస్సు ఆపించాడు. పద్మనాభం అతన్ని ఆటోలో వెనక్కి తిప్పి ఆసుపత్రికి చేర్చేసరికి అంతా అయిపోయింది.

అక్కడ ఓ కుర్ర డాక్టరు ఏం తిన్నాడని అడిగితే పద్మనాభం దాచకుండా చెప్పాడు, అక్రోట్ల సంగతితో సహా. డాక్టరు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"అక్రోట్లు మంచివే అంకుల్. కానీ అంత నూనె ఒక్కసారి పడితే కొన్ని గంటలపాటు రక్తనాళాలు సరిగ్గా సాగవు. ఈమధ్యే చదివాం. గింజలు దానికి కాస్త అడ్డం పడతాయేమో తెలీదు. పడినా, అప్పటికే పూడుకున్న నాళాన్ని అవేం తెరవలేవు."

పదమూడో రోజు అయ్యాక పద్మనాభం కింది ఇంటికి వెళ్లాడు. కృష్ణకుమారి చాప మీద కూర్చుని ఉంది. ముందు స్టీలు డబ్బా, అందులో ఒలిచిన అక్రోట్లు. పక్కన బ్యాగు సర్దుకుంటున్నాడు ఆమె మరిది సుధీంద్ర. ఫరీదాబాద్‌లో ఉద్యోగం, నలభై కూడా నిండలేదు.

"రండి అన్నయ్యగారూ. మా మరిదికీ మొన్న పరీక్ష చేయిస్తే కొవ్వు ఎక్కువే ఉందన్నారు. వాళ్ల ఇంటి జబ్బేమో. దీపావళికి మీరు ఇంట్లో ఉంచమని ఇచ్చినవి ఇంకా మిగిలాయి. మీ బావగారికి ఆలస్యంగా మొదలుపెట్టాం, ఇతనికైనా ముందే అని కట్టిస్తున్నాను. పూటకెన్నో మీరే చెప్పండి. ఆయన్ని చూసుకున్నట్టే చూసుకోవాలి."

సుధీంద్ర చేతులు ఆపి వింటున్నాడు. పద్మనాభం పర్సు తీశాడు. మడతలు అరిగిన పేపరు ముక్క అందులోనే ఉంది. కత్తిరించిన అంచు సూటిగా, శుభ్రంగా ఉంది. ఇంకో మనిషి ప్రాణం తన నోటి మీద నిలబడి ఉందని అర్థమై ముక్కను మళ్లీ మడిచాడు.

"ఇవి విరుగుడు కాదు నాయనా. నూనె మానెయ్. పూర్తిగా మానెయ్. మానేసి, కావాలంటే ఇవి తిను" అన్నాడు సుధీంద్రతో. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఉన్న తిండి మీద ఇవి తింటే ఉపయోగం లేదని ఆ పేపర్లోనే ఉందమ్మా. నేను చదివాను."

కృష్ణకుమారి డబ్బా మూత పెట్టింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు.

"మరి ఆయనకెందుకు చెప్పారన్నయ్యగారూ?"

శనివారం ఒక్కణ్ణే వెళ్లలేక, అని చెప్పడానికి పద్మనాభానికి నోరు రాలేదు.