అంకుల్ తీర్పు చెప్పిన ఆదివారాలు

అంకుల్ పోయారు. పోయిన బుధవారం పొద్దున డబ్లిన్‌లో లువాస్ ట్రామ్ ఎక్కి ఆఫీసుకు వెళ్తుంటే కిల్కెన్నీ దగ్గరి నర్సింగ్‌హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారని, బాధేమీ పడలేదని నర్సు చెప్పింది. సరే అన్నాను. థాంక్స్ అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని చుట్టూ చూశాను. “మా అంకుల్ పోయిండు” అని ఎవరితోనైనా తెలుగులో అనాలనిపించింది. ట్రామ్ నిండా మనుషులున్నారు గానీ ఆ మాట చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు. డాక్‌ల్యాండ్స్‌లో దిగాల్సిన స్టాపు వచ్చింది, పోయింది. నేను లేవలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది పశ్చిమ గోదావరి, మాది వరంగల్ దగ్గర. కిల్కెన్నీలో ఆసుపత్రిలో చాలా ఏళ్ళు మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. ఆంటీ పోయాక డబ్లిన్ దగ్గరి నేస్ ఊళ్ళో తమ ఇంట్లో ఆయన ఒక్కరే ఉండేవారు. నేనుండే ఎస్టేటుకు, అంటే ఇళ్ళ కాలనీకి, ఆ ఇల్లు నడిచి వెళ్ళేంత దూరం. అయినా మాకు పరిచయమైంది గుళ్ళోనో, ఉగాది ఫంక్షన్లోనో కాదు. కార్డులాట దగ్గర.

మీలో చాలామందికి ఈ ఆట తెలిసి ఉండదు. పేకాట కాదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు, ఎవరి కట్ట వాళ్ళది. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, దాని కింద చీమల్లాంటి అక్షరాలు. ఆ కార్డు ఏం చేస్తుందో, ముఖ్యంగా ఎప్పుడు చేస్తుందో ఆ అక్షరాల్లోనే ఉంటుంది. కొన్ని కార్డులు మన వంతులోనే పనిచేస్తాయి. కొన్ని అవతలివాళ్ళు ఏదో ఒకటి చేసినప్పుడే లేస్తాయి. కొన్ని మనకిష్టం లేకపోయినా లేచి కూర్చుంటాయి. బలమైన కార్డు చేతిలో ఉన్నంతమాత్రాన ఏమీ కాదు, దాన్ని తీసే క్షణం తెలియాలి. గొడవలన్నీ ఆ క్షణం దగ్గరే వస్తాయి. ఆ గొడవలు తీర్చడానికి ఒక జడ్జి ఉంటాడు. నేస్‌లో ప్రతి ఆదివారం కమ్యూనిటీ హాల్లో జరిగే ఆటకు జడ్జి మా అంకుల్.

ఆయన అక్కడికి ఎలా చేరారో అడిగితే “వానమ్మా” అనేవారు. రిటైరైన కొత్తలో ఓ ఆదివారం నడకకు బయల్దేరితే వాన పట్టుకుంది. హాలు తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్ళి నిలబడ్డారు. ఇద్దరు గడ్డాల మనుషులు ఒక కార్డు మీద వాక్యం గురించి గొంతు చించుకుంటున్నారు. ఈయన కళ్ళజోడు పెట్టుకుని ఆ వాక్యం చదివి, దాని అర్థం ఇదీ అని చెప్పారు. కార్డుల షాపు నడిపే ఐరిష్ ఆవిడ టీ కలిపిచ్చి, “వచ్చే వారం కూడా రండి డాక్” అంది. వెళ్ళారు. ఆ తర్వాత మానలేదు.

నేను వెళ్ళడానికి కారణం వాన కూడా కాదు. విడాకులయ్యాక డబ్లిన్‌లో అద్దె భరించలేక నేస్‌కు మారాను. శుక్రవారం సాయంత్రం రైలు దిగాక సోమవారం పొద్దున దాకా నా గొంతు నాకే వినపడని వారాలుండేవి. ఆఫీసులో ఒకమ్మాయి ఈ ఆట నేర్పింది. హాల్లోకి అడుగుపెట్టిన మొదటిరోజు జడ్జి కుర్చీలో స్వెట్టరు మీద కోటు వేసుకున్న మన పెద్దాయన కనబడితే నా కళ్ళను నేనే నమ్మలేదు. “తెలుగేనా అమ్మాయ్?” అన్నారు. తలూపాను. “ఆయ్, అయితే జాగ్రత్తగా ఆడు. నేను పక్షపాతం చూపించేవాణ్ణి కాదు.”

నిజంగానే చూపించలేదు. కొన్ని వారాలకు చిన్న పోటీ పెట్టారు. చివరి ఆటకు నేనూ, మేనూత్‌లో చదువుకునే ఒక ఐరిష్ అమ్మాయీ మిగిలాం. గెలుపు దాదాపు నా చేతిలో ఉంది. బల్ల మీదున్న నా చిన్న కార్డును వాడేసిన కుప్పలో పడేసి, దాని బదులుగా ఒక పెద్ద కార్డును దింపాను. ఆ చిన్న కార్డు మీద, ఇది కుప్పలోకి పోయినప్పుడు కావాలంటే ఇంకో కార్డు తీసుకోవచ్చు అని ఉంది. తీసుకోబోయాను. అవతలి అమ్మాయి చెయ్యెత్తి జడ్జిని పిలిచింది.

అంకుల్ వచ్చి, వంగి, మొత్తం చదివారు. చదివిందే మళ్ళీ చదివారు. తర్వాత అందరికీ వినబడేలా ఇంగ్లీషులో చెప్పారు: కార్డు మీద ‘పోతే’ అని లేదు, ‘పోయినప్పుడు’ అని ఉంది; చిన్న కార్డు పోయిన వెంటనే ఆగి ఉంటే తీసుకోవచ్చు, కానీ ఆ తర్వాత పెద్ద కార్డు దిగింది, చివరగా జరిగింది అది, కాబట్టి ఈమెకు ఆ అవకాశం లేదు. నా వైపు తిరిగి మెల్లగా, “దాటిపోయిందమ్మా” అన్నారు.

ఓడిపోయాను. ఆ హాలు మొత్తంలో నా భాష మాట్లాడే ఒకే ఒక్క మనిషి నాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పాడని చిన్నపిల్లలా ఉక్రోషం వచ్చింది. బయట వాన. బస్సు స్టాపు దగ్గర నిలబడితే ఆయన కారు వచ్చి ఆగింది.

“ఎక్కు. పప్పుచారు పెడతాను.”

“వద్దంకుల్, గ్రాండ్, నాకేం కాదు. బస్సొస్తది.”

“ఆదివారం ఆ బస్సు వచ్చేసరికి నాకు ఎనభై నిండుతాయి. ఎక్కమ్మా.”

ఇంటికెళ్ళాక గ్లాసులు ప్రెస్‌లో ఉన్నాయన్నారు. ఇక్కడివాళ్ళలాగే ఆయనా అల్మారాను ప్రెస్ అనేవారు. తలుపు తీస్తే అన్నీ జతలు జతలుగా ఉన్నాయి. రెండు గ్లాసులు, రెండు కంచాలు, రెండు కప్పులు. ఆయన పొయ్యి దగ్గర చారు కలుపుతూ ఉంటే నాకింకా కోపం తగ్గలేదు.

“అదేం రూల్ అంకుల్? కుప్పలకి పోయినప్పుడు అంటే ఒకటి, పోతే అంటే ఇంకోటా? రెండూ ఒకటే గదా.”

“ఒకటి కాదమ్మా. ‘పోతే’ అని రాసుంటే నువ్వు తర్వాతైనా తీసుకోవచ్చు. ‘పోయినప్పుడు’ అని రాసుంటే అప్పుడే. ఆ గడియ దాటితే లేదు.”

గరిటె ఆగింది. నాతో కాకుండా గిన్నెతో మాట్లాడుతున్నట్టు అన్నారు.

“మీ ఆంటీ పోతే ఏం చెయ్యాలో అన్నీ సక్రమంగా చేశాను. ఇండియాకి ఫోన్లు, ఇక్కడ కాగితాలు, బూడిద గోదాట్లో కలపడం, అన్నీ. పోయినప్పుడు మాత్రం నేను కిల్కెన్నీలో ఆపరేషన్ థియేటర్లో ఉన్నాను. ఎవరికో మత్తిచ్చి, ఆయన ఊపిరి చూస్తూ కూచున్నాను.” మూత పెట్టి పొయ్యి కట్టేశారు. “ఉప్పు సరిపోయిందేమో చూడు.”

ఉప్పు ఎక్కువైంది. సరిపోయిందని చెప్పాను. “అబద్ధం. మొహం చూస్తే తెలుస్తోంది” అన్నారు. అలా మొదలైంది మా స్నేహం.

ఆయన మాటలు కొన్ని నా ఆటలో కలిసిపోయాయి. “రాసింది చదువు, రాయనిది చదవకు” అనేవారు. కార్డు బొమ్మ ఎంత భయంకరంగా ఉన్నా పట్టించుకోవద్దనేవారు. అన్నిటికంటే ఎక్కువగా అన్న మాట, “అవతలి మనిషిని అడుగు.” ఆటలో మనం ఏం చేసినా, దానికి ఎదురుగా ఏమన్నా చేస్తారా అని అవతలివాళ్ళను అడగాలి. తొందర్లో అందరూ ఆ ప్రశ్నను మింగేస్తారు. అంకుల్ పక్కనుంటే ఎవరూ మింగేవాళ్ళు కాదు. ఆయన ఏమీ అనరు, కళ్ళజోడు మీంచి చూస్తారంతే.

పోయిన ఏడాది చలికాలంలో ఓ ఆదివారం జడ్జి కుర్చీ ఖాళీగా ఉంది. ఫోన్ ఎత్తలేదు. షాపు ఆవిడా నేనూ ఇంటికి వెళ్ళాం. లోపల లైటు వెలుగుతోంది, తలుపు కొడితే పలకడం లేదు. ఆవిడ గార్డ్స్‌కు ఫోన్ చేసింది. గార్డ్స్ అంటే ఇక్కడి పోలీసులు. వాళ్ళు వచ్చి తలుపు పగలగొట్టేదాకా నేను కిటికీ అద్దానికి మొహం ఆనించి “అంకుల్, అంకుల్” అని పిలుస్తూనే ఉన్నాను. వంటగదిలో నేల మీద పడి ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి ఏదో అనబోయారు. మాట రాలేదు.

పక్షవాతం. కుడి చెయ్యి పోయింది, మాట చాలావరకు పోయింది. ఆసుపత్రి తర్వాత కిల్కెన్నీ దగ్గర నర్సింగ్‌హోమ్‌లో చేర్చారు. అక్కడి మేట్రన్ ఒకప్పుడు ఆయనతో పనిచేసిందట. ఆ తర్వాత నా ఆదివారాలు మోటార్‌వే మీద గడిచాయి. మొదట్లో పక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడేదాన్ని. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఒకరోజు రెండు కట్టలు తీసుకెళ్ళి, భోజనం బల్లను మంచం మీదకు లాగి, కార్డులు పరిచాను. ఆయన ఇటు తిరిగారు.

నా కార్డు పెట్టి, “ఏమన్న చేస్తరా అంకుల్?” అని అడిగేదాన్ని. ఆగేదాన్ని. కిటికీ అవతల పొలంలో ఆవులు ఒక కంచె నుంచి ఇంకో కంచెకు నడిచేవి. ఆయన నిద్రపోయారనుకుని ఆయా ఒకామె దుప్పటి కప్పబోయేది. అప్పుడు ఎడమచెయ్యి మెల్లగా కదిలి, ఒక కార్డు మీద వేలు ఆనేది. లేదంటే అడ్డంగా ఊగేది, ఏమీ చెయ్యనని. ఒక్క ఆటకు మధ్యాహ్నం మొత్తం పట్టేది. నాకు వెళ్ళాల్సిన చోటు వేరే ఏమీ లేదు.

ఈ వేసవిలో ఒకనాడు నా వంతు నడుస్తుంటే ఆయన ఒక కార్డును ముందుకు తోశారు. చూశాను. దాని మీద ‘నీ వంతులో మాత్రమే’ అని ఉంది. హాల్లో ఎవరైనా ఈ తప్పు చేస్తే ఆయన దూరం నుంచే దగ్గేవారు. ఆయా పక్కనే దిండ్లు సర్దుతోంది. ఏం జరుగుతోందో తెలియకపోయినా నా మొహం చూసి, “పోనీలే అమ్మా, ఆయన్ని గెలవనీ” అని ఇంగ్లీషులో గొణిగింది. నాకూ అదే అనిపించింది. ఎవరు చూడొచ్చారు? ఒక ముసలాయన, ఒక వాన మధ్యాహ్నం, రెండు కార్డులు.

కానీ ఆయన నన్నే చూస్తున్నారు. కళ్ళజోడు మీంచి.

“కుదరదంకుల్,” అన్నాను. “గిది మీ టర్న్‌లనే తియ్యాలె. ఇప్పుడు నా టర్న్.”

ఆయా చేతులు ఆగిపోయాయి. అంకుల్ కార్డును వెనక్కి లాక్కుని, మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివారు. ఎంతసేపో చదివారు. నేను చెయ్యరాని పని చేశానేమోనని లోపల కుంచించుకుపోతున్నాను. చివరికి పెదవి ఎడమ కొస కదిలింది.

“క... రెట్టు,” అన్నారు.

వారాల తర్వాత ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి అందరూ ఆయన ఏం చేసినా బాగుందనే అంటున్నారు. ఆయన మొహంలో ఆ రోజు కనబడ్డ తృప్తి అంతకుముందు ఒక్క పొగడ్తకూ కనబడలేదు. తర్వాత ఆయన వంతు వచ్చింది. అదే కార్డును తీశారు, ఈసారి తియ్యాల్సిన క్షణంలో. నేను చిత్తుగా ఓడిపోయాను. ఆయన ఎడమచేత్తో బల్ల మీద దరువు వేశారు.

అంత్యక్రియలు శనివారం డబ్లిన్‌లో ఒక దహనశాలలో జరిగాయి. అంకుల్ తమ్ముడు భీమవరం నుంచి ఫోన్‌లో చూశారు. నా ఫోన్‌ను కుర్చీకి ఆనించి నిలబెట్టాను. అక్కడి మనిషి నన్ను “మీరు ఆయనకు ఏమవుతారు?” అని అడిగాడు. మేనకోడలినన్నాను. అతను తలూపాడు, నమ్మాడో లేదో తెలియదు.

ఎవరూ రారనుకున్నాను. బయట జోరుగా వాన. మొదలుపెట్టడానికి ముందు తలుపు దగ్గర చప్పుడైతే తిరిగి చూశాను. షాపు ఆవిడ, గడ్డాల మనుషులిద్దరు, నన్ను ఓడించిన మేనూత్ అమ్మాయి. హిందువుల చావు దగ్గర చెప్పులు విప్పాలని ఆ అమ్మాయి ఎక్కడో చదివిందట, అందరూ గుమ్మం బయటే విప్పేశారు. తడిసిన సాక్సులతో నడిచి వచ్చి వెనక వరసలో నిలబడ్డారు. నేను బూట్లతోనే ఉన్నాను. వంగి విప్పేశాను.

అంతా అయిపోయాక వాళ్ళు ఒక్కొక్కరే నా చెయ్యి పట్టుకుని నొక్కి, బూట్లు తొడుక్కుని వానలోకి వెళ్ళిపోయారు. కారు స్టార్టయిన చప్పుడు వినబడింది. ఫోన్‌లో తమ్ముడు కూడా పెట్టేశారు. ఆ గదిలో చివరికి నేనే మిగిలాను. గుమ్మం నుంచి వెనక వరస దాకా నున్నటి రాతినేల మీద తడి పాదాల ముద్రలున్నాయి. వేళ్ళ వైపు నుంచి ముందుగా ఆరుతున్నాయి. నేను చూస్తుండగానే ఒక్కొక్కటీ మడమంత చిన్నదై, కనబడకుండా పోయింది.